ఊపిరి మాస్టారి కళ్ళజోడు

కోటు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతి మగవాడూ పొట్టతో అబద్ధం చెబుతాడు. టేపు నడుం చుట్టూ తిరిగేసరికి పొట్ట లోపలికి పోతుంది, ఛాతీ ముందుకొస్తుంది, గడ్డం పైకి లేస్తుంది. ఆ కాసేపూ ఆయనకి పాతికేళ్ళు. కోటు మాత్రం ఇంటికెళ్ళి కడుపునిండా తిని కుర్చీలో కూలబడే యాభై ఏళ్ళాయనకి కావాలి.

ఈ రహస్యం లోకంలో తానొక్కడే కనిపెట్టినట్టు ఆ టైలరింగ్ షాపు కటింగ్ మాస్టారు ముప్ఫై ఏళ్ళుగా ఒకే పాఠం చెబుతూ వచ్చాడు. "ఊపిరి వదలండి సార్. ఎలా నిలబడతారో అలాగే నిలబడండి. నేను కోటు కొయ్యాల్సింది ఇంటికెళ్ళే మనిషికి." పెద్ద పెద్ద ఆఫీసర్లు కూడా ఆ మాటకి బిక్కమొహం వేసి ఊపిరి వదిలేవారు. మిషన్ల మీద కూర్చునే నలుగురూ చాటున ఆయనకి ఊపిరి మాస్టారని పేరు పెట్టారు. అది ఆయన చెవిన పడింది. కోపం నటించాడు గానీ లోలోపల తెగ మురిసిపోయాడు.

షాపంటే ఒకే పొడుగాటి గది. ముందు భాగంలో, రెండు ట్యూబులైట్ల కింద, మనిషి కాళ్ళు చాపుకుని పడుకోగలిగినంత కటింగ్ టేబుల్. దాని వెనక నాలుగు మిషన్లు. ఓ మూల కిటికీ పక్కన పీట మీద మాస్టారి భార్య. కాజాలు, గుండీలు, లైనింగు అంచులు, చేత్తో కుట్టాల్సినవన్నీ ఆమెవే. ఇరవై ఆరేళ్ళుగా అదే పీట మీద కూర్చుంటోంది. అందరూ కాజాలక్క అంటారు. అడిగితే తప్ప మాట్లాడదు, అడిగేవాళ్ళూ తక్కువే.

టేబుల్ దగ్గర మాస్టారిది రాజ్యం. గుడ్డ పరిచి, సుద్దతో గీత గీసి, కత్తెర తెరిచాడంటే ఆపేవాడు కాదు. "రెండోసారి కొలిచేవాడికి మొదటిసారి కళ్ళు లేనట్టే" అనేవాడు. అలాంటి ఆయనకి యాభై మూడో ఏట ఆ కళ్ళే మొరాయించాయి. దూరానికి ఒక జోడు, దగ్గరికి ఒక జోడు వచ్చి చేరాయి. ఒకటి ముక్కు మీద, ఇంకొకటి దారం కట్టి మెడలో. వీధి అవతలి బోర్డు గడగడా చదివేవాడు. సూదిలో దారం టక్కున ఎక్కించేవాడు. కానీ ఆయన బతుకు వీధి అవతలా లేదు, సూది బెజ్జంలోనూ లేదు. చేయి చాచినంత దూరంలో, ఆ టేబుల్ మీద ఉంది. సరిగ్గా అక్కడే మసక.

దూరపు జోడుతో చూస్తే సుద్దగీత వేలంత లావయ్యేది. దగ్గర జోడుతో చూస్తే అలికేసినట్టు కనిపించేది. రెండూ తీసేస్తే అసలు గీసిందీ లేనిదీ తెలిసేది కాదు. మాస్టారు ఈ ముక్క ఎవరితోనూ అనలేదు. సుద్ద నాసిరకం అన్నాడు. సుద్ద మార్చారు. లైటు మిణుకుమంటోంది అన్నాడు. లైటు మార్చారు. ఈ రోజుల్లో గుడ్డల రంగులే నిలకడగా ఉండటం లేదన్నాడు. రంగుల్ని మార్చడం ఎవరివల్లా కాలేదు కాబట్టి ఆ నెపం కొంతకాలం బాగా పనికొచ్చింది.

రెండు నెలల్లో రెండు గుడ్డలు పాడయ్యాయి. ఒక బూడిదరంగు కోటు ఎడమ ముందుభాగం గీతకి అంగుళం లోపలికి తెగింది. ఇంకోదానికి చేయి పొట్టిదైపోయింది. షాపు యజమానురాలు, తండ్రి తర్వాత షాపు నడుపుతున్న మనిషి, మాస్టారిని పక్కకి పిలిచింది.

"మాస్టారూ, మిమ్మల్ని ఆ టేబుల్ దగ్గర నిలబెట్టింది మా నాన్న. దింపడం నాకిష్టం లేదు. కానీ ఇంకొక్క గుడ్డ పాడైతే ఆల్టరేషన్ పనికి వెళ్ళి కూర్చోండి."

ఆల్టరేషన్ అంటే వెనక మూల. ఎవరో కోసిన, ఎవరో కుట్టిన ప్యాంట్లు తెచ్చి పొట్టి చేయించుకునే చోటు. కత్తెరతో ముప్ఫై ఏళ్ళు ఏలినవాడు బ్లేడుముక్క పట్టుకుని పరాయి ప్యాంట్ల అంచులు విప్పుతూ కూర్చోవాలి.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ భార్య అంది. "ఏమండీ, కళ్ళు చూపించుకుందాం రండి."

"నా కళ్ళకేమైంది? ముందు నీ సంగతి చూసుకో. సూదిని చేయంత దూరం పెట్టి కుడతావు. దగ్గరికి తెస్తే కరుస్తుందా అది?"

మర్నాడు మధ్యాహ్నం భోజనం వేళ ఆమె ఆయన్ని అద్దాల షాపు మెట్లెక్కించింది.

కళ్ళజోళ్ళాయన సన్నగా, ఓపిగ్గా ఉన్నాడు. కళ్ళు పరీక్షించి, కాగితం మీద కోడిగుడ్డంత అద్దం బొమ్మ గీసి మాస్టారి ముందు పెట్టాడు.

"ఇదంతా ఒకే అద్దం సార్. పై భాగం దూరానికి. అడుగు భాగం పేపరు చదవడానికి. పైనుంచి కిందికి పవర్ కొంచెం కొంచెంగా మారుతూ దిగుతుంది. మధ్యలో ఇదిగో, ఈ సన్నటి దారి. చేయి చాచినంత దూరంలో ఉన్నవన్నీ ఈ దారిలోంచే చూడాలి. దారికి అటూ ఇటూ కాస్త మసగ్గా ఉంటుంది. అందుకని పక్కకి చూడాలంటే కళ్ళు తిప్పకండి, ముక్కు తిప్పండి."

"మధ్యలో బాగా కనిపిస్తుందా?"

"కనిపిస్తుంది. అయితే మీ కంటిపాప ఈ అద్దంలో ఎక్కడికొస్తుందో నేను సరిగ్గా గుర్తు పెట్టాలి. దాన్నిబట్టే ఆ దారి మొదలవుతుంది. అది తప్పితే అంతా తప్పినట్టే."

మాస్టారు ఎంచుకున్న ఫ్రేముని ఆయనకే తొడిగి, కళ్ళజోళ్ళాయన చేతిలో స్కెచ్ పెన్ను పట్టుకుని ఎదురుగా నిలబడ్డాడు. "మామూలుగా నిలబడి నా ముక్కు మీదికి చూడండి సార్."

ఎదురుగా నిలువుటద్దం. పక్కన ఫ్రేములు తుడుస్తున్న ఇద్దరు ఆడవాళ్ళు. మాస్టారి పొట్ట లోపలికి పోయింది. ఛాతీ ముందుకొచ్చింది. గ్రూపు ఫొటోలో వెనక వరసలో నిలబడ్డవాడిలా గడ్డం పైకి లేచింది.

"కొంచెం వదులుగా, సార్."

"వదులుగానే ఉన్నాను."

భార్య ఉండబట్టలేకపోయింది. "ఏమండీ, టేబుల్ దగ్గర మీరిలా నిలబడరు కదా. కాస్త మెడ..."

"నువ్వూరుకో. కొలతల సంగతి నాకు చెబుతావా?" అన్నాడు, గడ్డం దించకుండా.

కళ్ళజోళ్ళాయన ఒకసారి ఆమె వైపు చూశాడు, ఒకసారి మాస్టారి వైపు చూశాడు, రెండు చుక్కలు పెట్టాడు.

ఐదు రోజులకి కొత్త జోడు వచ్చింది. ఆ రోజునుంచి షాపులో వేడుక మొదలైంది.

మామూలుగా నిలబడితే మాస్టారికి కళ్ళెదురుగా దూరమే తప్ప ఇంకేమీ దొరికేది కాదు. మధ్యదారి ఎక్కడో బుగ్గల దగ్గరికి దిగిపోయింది. టేబుల్ చూడాలంటే గడ్డం ఎత్తాలి. సుద్దగీత కనబడాలంటే ఇంకా ఎత్తాలి. నీళ్ళు పుక్కిలించేవాడిలా తల వెనక్కి వాల్చి, రెప్పల కిందనుంచి గుడ్డని చూస్తూ కత్తెర ఆడించేవాడు. వచ్చినవాళ్ళు తమను చూసి ముక్కు ఎగరేస్తున్నాడనుకున్నారు. ఒకాయన కొలతలు ఇవ్వకుండానే వెళ్ళిపోయాడు. "మాస్టారికి కళ్ళు నెత్తికెక్కాయిరోయ్" అని మిషన్ల మీదనుంచి నవ్వులు. ఎప్పుడైనా కుడిచేత్తో కత్తెర పట్టుకుని ఎడమచేత్తో జోడు కాస్త పైకి ఎత్తిపట్టేవాడు. గీత పాలగీతలా తేటగా కనబడేది. కానీ గుడ్డని పట్టుకోవడానికి మూడో చెయ్యి ఏది?

"ఎలా ఉందండీ కొత్త జోడు?" అని యజమానురాలు అడిగింది.

"దివ్యంగా ఉంది" అన్నాడు పైకప్పుని చూస్తూ.

అద్దాలు బాగాలేవంటే కారణం వెతకాలి. కారణం వెతికితే నిలువుటద్దం ముందు తాను నిలబడ్డ తీరు గుర్తు చేసుకోవాలి. అంతకంటే మెడకి మందు రాసుకోవడమే సుఖం అనిపించింది మాస్టారికి. ఇంట్లో మందు సీసా సగమైంది.

పదో రోజున ప్లీడరుగారు వచ్చాడు, చంకలో కాగితపు చుట్టతో. లోపల ముదురు ఆకుపచ్చ ఉన్ని గుడ్డ. అలాంటి గుడ్డ నేసిన మిల్లు మూతబడి పదేళ్ళయింది. ఆయన దాన్ని బీరువాలో దాచుకుని దాచుకుని ఇప్పుడు తీశాడు. సరిగ్గా ఒక కోటుకే వస్తుంది, జానెడు కూడా మిగలదు. "మీ చేతుల్లో పెడుతున్నాను మాస్టారూ" అన్నాడు. యజమానురాలు లేచి వచ్చి మాస్టారి పక్కన నిలబడింది. అనాల్సింది ఎప్పుడో అనేసింది. ఇది పాడైతే వెనక మూలే.

మాస్టారు టేపు తీశాడు. టేపు నడుం చుట్టూ తిరగగానే ప్లీడరుగారి బొజ్జ మాయమైంది, గడ్డం లేచింది. టేపు మీది అంకె చూడటానికి మాస్టారూ గడ్డం ఎత్తాడు. ఇద్దరు పెద్దమనుషులు ఎదురెదురుగా నిలబడి, ఒకరి గడ్డం ఒకరికి చూపించుకుంటూ పైకప్పుని పరిశీలిస్తున్నారు.

"ఊపిరి వదలండి సార్" అన్నాడు మాస్టారు. "ఎలా నిలబడతారో అలాగే..."

కిటికీ దగ్గరనుంచి నవ్వు వినబడింది. నాలుగు మిషన్లూ ఆగిపోయాయి. ఇరవై ఆరేళ్ళలో ఆ పీట మీదనుంచి అలాంటి చప్పుడు ఎవరూ వినలేదు. కాజాలక్క నోటికి గుడ్డ అడ్డం పెట్టుకున్నా నవ్వు ఆగలేదు. కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది.

భోజనం వేళ, గుడ్డల చుట్టలు పేర్చిన వెనక గదిలో, మాస్టారు విరుచుకుపడ్డాడు. "నలుగురిలో నా పరువు తీశావు కదే!"

"అద్దాల షాపులో మీరు వదిలారా ఊపిరి?"

మాస్టారి చెయ్యి మెడ మీదికి వెళ్ళింది.

"జోడు పైకెత్తి పట్టుకుంటే గీత కనిపిస్తోంది, నేను చూస్తూనే ఉన్నాను. అంటే అద్దం మంచిదే. చుక్క కిందికి పడింది, అంతే. ఆయన మిమ్మల్ని కొలవలేదు, ఎవర్నో కొలిచాడు." ఆమె క్యారియరు మూత పెట్టింది. "ఆ పచ్చగుడ్డ ముట్టుకోకండి."

"ముట్టుకోకపోతే ఆవిడ ఊరుకుంటుందా? ఇప్పటికే రెండు పాడుచేశానని..."

"రెండా?"

ఆమె లేచి, ఇస్త్రీకి వెళ్ళాల్సిన వరసలోంచి ఒక నల్లకోటు తెచ్చింది. లైనింగు పక్కకి తప్పించి ఆయన చేతిలో పెట్టింది. మాస్టారికి కళ్ళక్కర్లేదు, వేళ్ళు చాలు. కుట్టుమడత వేలి వెడల్పు ఉండాల్సిన చోట దారమంత ఉంది. విప్పి, అంచుదాకా లాగి, మళ్ళీ చేత్తో కుట్టిన కుట్టు. తను లోపలికి కోసేసిన ముక్కని ఎవరో తెచ్చి మళ్ళీ గీత దగ్గర నిలబెట్టారు.

"ఇలాంటివి ఎన్ని?"

"పదకొండు. దీంతో కలిపి." ఆమె గొంతులో కోపం లేదు. "అందరూ టీకి వెళ్ళినప్పుడు విప్పేదాన్ని. మడతలో చోటున్నంతవరకు సర్దాను. చోటు లేనివే ఆ రెండూ."

సిగ్గుతో మాస్టారి చెవులు కాలిపోయాయి. రెండోసారి కొలిచేవాళ్ళని ఇన్నేళ్ళూ వెక్కిరించాడు. ఏడాదిగా తన వెనకే కూర్చుని ఒక మనిషి తన ప్రతి కోతనీ రెండోసారి కొలుస్తూ వచ్చింది. కోపం తెచ్చుకోవడానికి ఒక్క కారణమైనా దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు.

భోజనం అయ్యాక పచ్చగుడ్డ చుట్ట తీసుకుని యజమానురాలి దగ్గరికి వెళ్ళాడు. మిషన్ల మీది నలుగురూ వింటూనే ఉన్నారు.

"మేడమ్, ఇది ఎనిమిది రోజులదాకా కొయ్యను. నాకు టేబుల్ కనబడటం లేదు."

"ఎప్పటినుంచి?"

"ఏడాదినుంచి."

"సుద్ద మార్పించారు. లైటు మార్పించారు."

"అవి బాగానే ఉన్నాయమ్మా."

ఆమె గుడ్డ చుట్ట అందుకుని తన పక్కన పెట్టుకుంది. "ఎనిమిది రోజులు. ఆ తర్వాత మీరు కోస్తుంటే నేను పక్కనే నిలబడతాను" అంది. షాపంతా వింటుండగా ఇలా ఒప్పుకోవడం మాస్టారికి తల తీసేసినట్టయింది. అయినా మెడ మాత్రం ఆ పది రోజుల్లో మొదటిసారి తేలిగ్గా ఉంది.

అంత జరిగాక కూడా పాత గుణం ఊరికే పోతుందా? అద్దాల షాపు మెట్లెక్కగానే "మీ అద్దంలో ఏదో తేడా ఉందండీ" అని మొదలుపెట్టాడు. కళ్ళజోళ్ళాయన జోడు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, పాత కాగితం తీసి చూశాడు.

"తేడా ఏమీ లేదు సార్. ఆ రోజు ఇక్కడ నిలబడ్డాయనకి ఇది అచ్చంగా సరిపోతుంది. ఆయన మీకెక్కడైనా కనిపిస్తే ఇచ్చేయండి."

ముప్ఫై ఏళ్ళు తాను అమ్మిన పాఠమే తనకి అంటగట్టాడని మాస్టారికి అర్థమైంది.

"ఈసారి మీ టేబుల్ దగ్గర ఉన్నట్టు నిలబడండి. ఊపిరి వదలండి."

మాస్టారు వదిలాడు. పొట్ట తన చోటికి తాను వచ్చింది. భుజాలు జారాయి, ఎడమది కుడిదానికంటే కిందికి. మెడ ముందుకి వంగింది. నిలువుటద్దంలో ఒక వంగిన ముసలాయన ఆయన్ని చూస్తున్నాడు. ఇలాంటివాళ్ళకి తాను వెయ్యి కోట్లు కోసి ఉంటాడు, వీపు దగ్గర ఎంత వదలాలో నోటికొచ్చు. తనకి ఒక్కటి కూడా కోసుకోలేదు. పెన్ను ఫ్రేముకి తగిలింది. కొత్త చుక్క మొన్నటి చుక్కకి బియ్యపుగింజంత పైన పడింది.

ఎనిమిదో రోజు పొద్దున్న పచ్చగుడ్డ టేబుల్ మీద పరుచుకుంది. యజమానురాలు చేతులు కట్టుకుని పక్కన నిలబడింది. మాస్టారు సరిచేయించుకున్న కొత్త జోడుతో మామూలుగా వంగాడు. కళ్ళు కొంచెం దించాడంతే. సుద్దగీత సన్నగా, తెల్లగా, ఒక్కటిగా కనిపించింది. అయినా కత్తెర తెరవకముందు టేపు తీసి రెండోసారి కొలిచాడు. మిషన్ల మీద ఎవరో దగ్గారు. పట్టించుకోలేదు. కత్తెర గీత మీదనుంచి వెంట్రుకవాసి కూడా జరగలేదు. ఆఖరి ముక్క విడిపోయాక యజమానురాలు కట్టుకున్న చేతులు విప్పి తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోయింది. వెనక మూల సంగతి ఇంకెప్పుడూ ఎత్తలేదు.

నాలుగో రోజుకి కోటు కాజాలకి వచ్చింది. ముదురు గుడ్డ, ముదురు దారం, కిటికీ వెలుతురు చాలక కాజాలక్క పీట జరుపుకుని టేబుల్ పక్కకి, ట్యూబులైటు కిందికి వచ్చి కూర్చుంది. చేయి చాచినంత దూరం. మాస్టారు కళ్ళజోళ్ళాయన చెప్పిన పాఠం ప్రకారం కళ్ళు కాకుండా ముక్కు తిప్పి చూశాడు.

ముందు ఆమె నుదుటి మీది గీతలు కనిపించాయి. ఇన్ని ఉన్నాయని ఆయనకి తెలియదు. తర్వాత ఆమె చెయ్యి. సూదిని మోచేయి వంచకుండా ముందుకి చాపి పట్టుకుంది. కళ్ళు చికిలించి దారం గురి పెట్టింది. దారం బెజ్జం పక్కనుంచి పోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయింది. ఐదోసారి చూడటం మానేసి, సూది మొదలు నాలిక చివర ఆనించి బెజ్జం వెతుక్కుని, వేళ్ళతో దారం దూర్చింది. కాజా అంచుని బొటనవేలి గోరుతో తడిమి తడిమి కుట్టు వేయడం మొదలుపెట్టింది.

సూది కరుస్తుందా అని తాను అన్నమాట మాస్టారికి గుర్తొచ్చింది. పదకొండు కోట్లు, టీ వేళల్లో, నల్లదారంతో నల్లగుడ్డ మీద. ఆ కళ్ళతోనే. తనకి రెండు జోళ్ళు సరిపోక మూడోది, మూడోది కుదరక నాలుగోది వచ్చాయి. ఆమెకి ఒక్కటి కావాలేమోనని ఇన్నాళ్ళూ ఎవరికీ తోచలేదు, ఆమె పక్కనే పడుకుని లేచే మనిషితో సహా.

"పద" అన్నాడు కత్తెర పక్కన పెట్టి.

"ఎక్కడికి? ఇంకా మూడు కాజాలున్నాయి."

"ఉండనీ."

కళ్ళజోళ్ళాయన ఆమె కళ్ళు పరీక్షించి, ఈ కళ్ళతో ఇంతకాలం ఎలా కుట్టారమ్మా అని అడిగాడు. ఆమె వేళ్ళు చూపించి నవ్వింది. ఫ్రేము తొడిగి ఆయన పెన్ను మూత తీసేసరికి మాస్టారు మధ్యలో దూరాడు. ఎంతైనా ముప్ఫై ఏళ్ళ అనుభవం.

"ఊపిరి వదులు. బిగుసుకోకు. నువ్వు మామూలుగా ఎలా నిలబడతావో అలాగే నిలబడు."

ఆమె ఫ్రేములోంచి ఆయన్ని ఒకసారి చూసింది. తర్వాత షాపంతా కలయజూసి, మూలనున్న చిన్న స్టూలు లాక్కుని కూర్చుంది. తల వంచి, ఒళ్ళో గుడ్డ ఉన్నట్టుగా రెండు చేతులూ పెట్టుకుంది.

"నేనెప్పుడు నిలబడ్డానండీ?" అంది. "ఇలా కొలవమనండి."

కళ్ళజోళ్ళాయన పెన్ను పట్టుకుని ఆమె ఎదుట నేల మీద కూర్చున్నాడు.